బొంత కడుపులో రొట్టె ముక్క

మా అవ్వది కానడ సీమ. బీదర్ అవతల, రేగడి చేల మధ్య ఒక చిన్న ఊరు. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం, తండ్రిని నాయిన అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. నారాయణఖేడ్‌కు కోడలిగా వచ్చి, నన్ను కని, పెంచి, పెళ్లిచేసి పంపిన తర్వాత కూడా ఆమె తెలుగు కుదురుకోలేదు. కోపం వస్తే తెలుగు, ముద్దొస్తే కానడ. నా చిన్నతనమంతా నాతో తెలుగులోనే మాట్లాడింది, కాబట్టి నేనెలాంటి పిల్లనో మీకు అర్థమై ఉంటుంది.

ఇది నేను మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఎండకాలం సంగతి. నైజాం రాజ్యం నడుస్తోంది. మా ఊరు అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. రజాకార్ల గొడవలు ఇంకా మా వైపు రాలేదు. జనం భయపడేదల్లా కాలం కాకపోవడానికీ, తహసీల్ కచేరీకీ. నేను చెప్పబోయేది మాత్రం ఒక కుక్క చచ్చిపోయిన సంగతి. కుక్క కోసం ఇన్ని కాగితాలు ఖరాబు చేయాలా అనేవాళ్లు ఉంటారు. ఉంటే ఉండనివ్వండి, వాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

నేను అత్తగారింటికి సిర్గాపూర్ పోయిన ఏడాదే ఆ కుక్క మా ఇంటికి వచ్చింది. నన్ను బండెక్కించి పంపాక అవ్వ ఒక్కతే అయిపోయింది. నా తర్వాత పుట్టిన ఇద్దరూ దక్కలేదు. నాయిన పొద్దంతా చేన్లో ఉంటాడు, ఇంట్లో ఉన్నా మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆ ఏడు బోరంచ నల్లపోచమ్మకు మొక్కు చెల్లించి తిరిగి వస్తుంటే, ఎర్రటి ఆడ కుక్కపిల్ల ఒకటి బండి వెనకే నడిచిందట. దానికి ఒక చెవి నిలబడేది, ఒక చెవి మడతపడి ఉండేది. నాయిన అదిలించాడు. అది ఆగింది, మళ్లీ నడిచింది. అవ్వ బండి మీద నుంచి "బా" అన్నది. కానడలో బా అంటే రా అని. అది పరుగెత్తుకొచ్చి బండి పక్కన చేరింది.

ఆ తర్వాత దానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. అవ్వ "బా" అంటే వచ్చేది, అంతే. నాయిన మాత్రం "రా" అనే పిలిచేవాడు, అదీ అవసరమైతేనే. "కుక్కకు కానడ నేర్పితివి, ఇగ నాకు గూడ నేర్పుతవా" అనేవాడు. అది నాయిన పిలుపుకు వచ్చేది గానీ, మధ్యలో ఒక్కసారి ఆగి అవ్వ వైపు చూసి వచ్చేది. నాయిన దానికి ఉడుక్కునేవాడు. పైకి చెప్పేవాడు కాదు, కానీ నాకు తెలిసేది.

పొద్దున అవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడు వాకిట్లోకి వినబడేది. చప్పుడు వినగానే అది వచ్చి గడప అవతల కూర్చునేది. పిలవనిదే గడప దాటేది కాదు, ఎవరు నేర్పారో తెలియదు. పెంక మీది నుంచి మొదటి రొట్టె దిగగానే అవ్వ అంచు తుంచి, నోటితో ఊది చల్లార్చి, "బా" అనేది. అప్పుడు లోపలికి వచ్చి ఆమె చేతిలోంచి తినేది. ఆ మొదటి తుంట దానిది. తర్వాతే నాయినకు, ఆ తర్వాత మాకు.

కాన్పుకు వచ్చిన కొత్తలో నాకు ఒళ్లు మండి అడిగాను. "కడుపుతోని ఉన్న పిల్లను. నాకంటె ముందుగాల కుక్కకు పెడ్తవా?"

అవ్వ తలెత్తకుండానే, "నువ్వు వోతవు, అది ఉంటది" అన్నది.

ఆ మాటకు నేను చాలా అలిగాను. అలిగినా రొట్టె మానలేదనుకోండి. 

నాయిన గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయనది ముల్లు తీసే చెయ్యి. మా వైపు చేలకు తుమ్మకంప కంచెలు. చెప్పుల్లోంచి కూడా ముల్లు దిగేది. విరిగి లోపలే ఉండిపోతే మా ఇంటికి రావాల్సిందే. అంగడి నాడు కల్హేర్ నుంచి వచ్చినవాళ్లు కూడా కుంటుకుంటూ మా వాకిట్లోకి వచ్చేవాళ్లు. నాయిన వాళ్ల పాదం ఒళ్లో పెట్టుకుని, ముల్లు దిగినచోట జిల్లేడు పాలు ఒక చుక్క వేసి, కాసేపు పంట గురించి, ఎడ్ల గురించి అడిగేవాడు. ఇంట్లో మాట పొదుపు గానీ అక్కడ మాత్రం బాగా మాట్లాడేవాడు. అవతలివాడు జవాబు చెప్పే లోపల చిన్న పట్టకారులాంటి చిమటాతో పట్టి సర్రున లాగేవాడు. తీసిన ముల్లును వాళ్ల అరచేతిలో పెట్టి ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "పోయిన తొవ్వనే రావాలె. అడ్డం గెలికితె పుండయితది." ఎడ్ల గిట్టల్లో ముళ్లు, మేకల నోట్లో ముళ్లు కూడా తీసేవాడు. కుక్క పాదంలో పల్లేరు గుచ్చుకుంటే అది తనంతట తానే నాయిన దగ్గరికి వచ్చి కాలు చాచేది. ఆ ఒక్క విషయంలో మాత్రం అది అవ్వ దగ్గరికి పోయేది కాదు.

ఇక అవ్వ చేతిపని బొంత. పాత చీరలు, ధోతులు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు అంచుల నుంచి మధ్యకు సన్నటి కుట్టు వేసుకుంటూ వచ్చేది. ఆమె దాన్ని కౌది అనేది. పుట్టింట నేర్చుకున్న పని, దాంతోపాటు ఒక ఆచారం కూడా తెచ్చుకుంది. కుట్టంతా అయ్యాక ఒక మూల కాస్త తెరిచి ఉంచి, అందులో నెయ్యి, బెల్లం రాసిన రొట్టె ముక్క పెట్టి అప్పుడు ఆ మూల మూసేసేది. కౌదికి కూడా కడుపు ఉంటుందట. కడుపు ఖాళీగా ఉన్న కౌది కప్పుకుంటే నిద్ర పట్టదట. చీమలు పట్టవా అని అడిగితే, "ఎండల ఏస్త, ఎండుతది" అనేది.

నాయినకు అదొక వేళాకోళం. "గుడ్డపేలికలకు గూడ బువ్వ పెడ్తరు మీ కానడోళ్లు. గందుకే మీ ఊర్లె మనుషులు గంత బక్కగుంటరు."

"నీకు పెట్టుడు మానేసి దానికి పెడ్తలేను గదా" అనేది అవ్వ.

అట్లా అనుకుంటూ ఇద్దరూ నవ్వేవాళ్లు. వాళ్లిద్దరూ కలిసి నవ్వేది ఆ ఒక్క మాట దగ్గరేనేమో అనిపిస్తుంది నాకు.

ఆ ఎండకాలం అవ్వ నా బిడ్డ కోసం బొంత కుడుతోంది. నా పెళ్లికి ముందటి చీరలన్నీ అందులో ఉన్నాయి. ఉగాది దాటింది. యాసంగి జొన్నలు కల్లం నుంచి వచ్చి వాకిటి నిండా ఆరబోసి ఉన్నాయి. పగటిపూట అవ్వ వసారాలో చివరి మూల దగ్గరికి వచ్చింది. పొయ్యి మళ్లీ వెలిగించి, ఒక్క రొట్టె చేసింది, బొంత కోసమే. కుక్క అప్పుడు నాయినతో చేన్లో ఉంది. అలవాటుకొద్దీ అవ్వ రొట్టె అంచు తుంచి, దాని తుంట దానికి అని గిన్నె కింద మూతపెట్టింది. మరో ముక్కకు నెయ్యి, బెల్లం రాసి బొంత మూలలో పెట్టింది. ఎర్ర దారం ఎక్కించిన పెద్ద సూదితో కుట్టు మొదలుపెట్టింది.

అప్పుడు ఉరిమింది. ఎండకాలంలో మా వైపు వాన చెప్పిరాదు. వాకిట్లో ఏడాది తిండి ఆరుతోంది. అవ్వ చేతిలోని సూదిని ఆ రొట్టె ముక్కలోంచే గుచ్చి, ముక్క జారకుండా బొంతకు నిలిపి పరుగెత్తింది. నేను నిండు గర్భిణిని, నడవడమే కష్టం, అయినా చాట పట్టుకుని దిగాను. పక్కింటి పెద్దమ్మ వచ్చింది. చేన్లోంచి నాయిన, వెనకే కుక్క పరుగెత్తుకొచ్చారు. అందరం కలిసి జొన్నలు కుప్పచేసి గోనెలు కప్పాం. అయినా సగం తడిసిపోయాయి. వాన ఎంత తొందరగా వచ్చిందో అంతే తొందరగా పోయింది.

అందరం పని మీదుంటే కుక్క వసారా ఎక్కింది. పొద్దుటి తుంట తిన్నది గానీ, ఈ రొట్టెలోని దాని తుంట గిన్నె కిందే ఉండిపోయింది. అవ్వ చేతి రొట్టె వాసన వచ్చింది. ఆ రొట్టె తనదే అనుకుంది. అనుకోదా మరి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో మొదటి ముక్క దానిదే.

అవ్వ కొంగు పిండుకుంటూ వసారాలోకి వచ్చి చూస్తే బొంత మూల చిరిగి ఉంది. రొట్టె లేదు, సూది లేదు. కుక్క గోడ దగ్గర మెడ చాచి నిలబడి మాటిమాటికీ గుటకలు వేస్తోంది. నోటి పక్క నుంచి ఎర్ర దారం జానెడు వేలాడుతోంది.

"సూది మింగింది" అన్నది అవ్వ. గట్టిగా కూడా అనలేదు.

పెద్దమ్మ, "ఉప్పునీళ్లు తాగిపియ్యి, కక్కుతది" అన్నది.

"కక్కితె గుచ్చుకుంటది. వద్దు" అన్నది అవ్వ. "మా తల్లిగారింట్ల ఒక పిల్లగాడు ఇనుప మొల మింగిండు. మెత్తటి ముద్దలే పెట్టిన్రు, వేరే ఏం జెయ్యలే. ముద్దల చుట్టుకోని దానంతట అదే పడిపోయింది. ముద్దలు పెడ్త. దారం జోలికి పోవద్దు."

నాయిన అప్పటికే చేతులు కడుక్కుని వచ్చాడు. కుక్క దవడ తెరిచి వెలుతురుకు తిప్పి చూశాడు. దారం నాలుక వెనక నుంచి లోపలికి పోయింది. సూది కనబడటం లేదు.

"దారం చేతికి అందుతుంది" అన్నాడు. "దారం అందంగ సూదిని లోపల వదులుతరా ఎవలన్న?"

"ముల్లు కాలుకు దిగుతది. గిది కడుపులకు పోతుంది. ఒకటి కాదు" అన్నది అవ్వ.

"ముల్లయినా సూదయినా పోయిన తొవ్వనే రావాలె."

"లాగకు."

"నా చెయ్యి నీకు ఎరుకలేదా?"

 ఎంతమంది కాళ్లు చూసింది అవ్వ ఆ చేతిలో. నాకు కూడా ఆ క్షణం నాయిన మీదే నమ్మకం కలిగింది. ఊరంతా నమ్మిన చెయ్యి అది, కుక్క కూడా నమ్మిన చెయ్యి. అవ్వ కూర్చుని కుక్క తలను ఒళ్లో పెట్టుకుంది. అది గింజుకోలేదు. నాయిన ఎదురుగా కూర్చోగానే తనే నోరు తెరిచింది. పల్లేరు తీయించుకోవడానికి కాలు చాచినట్టే తెరిచింది.

మొదట దారం కొంచెం వచ్చింది. నాయిన ముఖంలో వెలుగు కనిపించింది. "వస్తుంది" అన్నాడు. దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు, ముల్లు తీసేటప్పుడు మనుషులతో మాట్లాడినట్టు. జొన్నలు తడిసినయా, నువ్వు చూస్తలేవా, అని. అట్లా మాట్లాడుతూనే సర్రున లాగాడు.

అది అరిచిన అరుపు నేను రాయలేను. లోపల సూది అడ్డం తిరిగింది. దారం బిగుసుకుంది, ఇక రాలేదు. నాయిన చేతికి తడి తగిలింది, చూసుకుంటే నెత్తురు. అప్పటికీ ఆ కుక్క ఆయన చెయ్యి కొరకలేదు. దాని పళ్ల మధ్యే ఉంది ఆయన చెయ్యి. నోరు మూయకుండా వణుకుతూ అవ్వ ముఖంలోకి చూసింది.

నాయిన దారం వదిలేశాడు.  తర్వాత కుక్కను రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లోకి దిగి నడిచాడు, నడక కాస్తా పరుగైంది. రుమాలు చుట్టుకోనిదే బజారులో అడుగు పెట్టని మనిషి బోడి తలతో, బురద కాళ్లతో, నెత్తురు కారే కుక్కను మోసుకుంటూ బజారు మధ్య నుంచి పశువుల దవాఖానకు పోయాడు. వెనకే అవ్వ. నేను గడపలో నిలబడి చూశాను. నాకు పోవడానికి లేదు.

పశువుల వైద్యం చేసే సలోత్రి దౌరా మీద ఊళ్లు తిరగడానికి పోయాడట, ఎప్పుడొచ్చేదీ అక్కడివాళ్లకు తెలియదు. అక్కడి నుంచి మనుషుల దవాఖానకు పోయారు. కుక్కను తెచ్చినందుకు అక్కడి కంపౌండరు కసురుకోలేదు. దీపం తెప్పించి గొంతులోకి చూశాడు.

"దారం లాగిన్రా?" అని అడిగాడట.

నాయిన "లాగినం" అనలేదు. "లాగిన" అన్నాడట. ఈ మాట అవ్వ తర్వాత ఎప్పుడో నాకు చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఆయన మీద కోపం లేదు.

కంపౌండరు దారాన్ని నోటి లోపలే పొట్టిగా కత్తిరించి, "లాగకుంట తెస్తె బతుకుతుండె అని గూడ నేను చెప్పలేను. మెత్తటియి పెట్టున్రి. చూద్దాం" అన్నాడు. మంచివాడు. చూడటానికి ఇక ఏం మిగల్లేదని ఆయనకు తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత రోజుల్లో ఇల్లంతా ఆ కుక్క గొంతు మీదే బతికింది. గుటక వేస్తే మేం ఊపిరి తీసుకునేవాళ్లం. అప్పట్లో మా ఇంట్లో బియ్యం పండగకో, పథ్యానికో వండేవాళ్లు. నా పురిటి పథ్యం కోసం అవ్వ దాచిన బియ్యం ఒక చిన్న కుండలో ఉన్నాయి. వాటిని తీసి మెత్తగా, పాలు పోసి వండింది. నాతో ఒక్కమాట అడగలేదు. అడిగితే నేనే వండేదాన్ని. అవ్వ ముద్ద చేసి మూతి దగ్గర పెడితే అది తల తిప్పుకునేది. అప్పుడు అవ్వ "బా" అనేది. ఆ పిలుపు వినగానే ఎట్లాగో పొట్ట నేలకు ఈడ్చుకుంటూ ఆమె చేతి దగ్గరికి వచ్చి, కళ్లు మూసుకుని ఆ ముద్ద మింగేది. ఆకలి కోసం తినలేదు అది. ఆమె పిలిచింది కాబట్టి తిన్నది. చూడలేక నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని.

నాయిన చేనుకు పోవడం మానేశాడు. వాకిట్లో తడిసిన జొన్నలు తిరగేస్తూ, వసారా వైపు చూసేవాడు, దగ్గరికి మాత్రం వచ్చేవాడు కాదు. ఒకసారి వచ్చి నిలబడితే కుక్క ఆయన వైపు చూసి తోక ఆడించింది. నాయిన గిర్రున తిరిగి పెరట్లోకి పోయాడు. తోక ఆడించకుండా మొరిగినా బాగుండేది ఆయనకు.

ఒక పొద్దున అవ్వ రొట్టె తడుతుంటే గడప అవతల చప్పుడైంది. చూస్తే అది వచ్చి కూర్చుంది, ఎప్పటిలాగే, ఒక చెవి నిలబెట్టి. అవ్వ చేతులు ఆగిపోయాయి. మొదటి రొట్టె దించి, అంచు తుంచి పాలలో నానబెట్టి, "బా" అన్నది. అది లేచి నడిచి వచ్చి తిన్నది. తినగలిగింది. నేను గట్టిగా నవ్వేశాను, కళ్లలో నీళ్లతో. అవ్వ, "పోచమ్మ తల్లీ, నీకు ఏటను కోస్త" అని బోరంచ వైపు తిరిగి దండం పెట్టింది. నాయిన వాకిట్లోంచి అంతా చూశాడు.  రుమాలు చుట్టుకుని, చాలా రోజుల తర్వాత చేనుకు పోయాడు. ఆ పూట మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

పొద్దు వాలేసరికి దాని మెడ వాచింది. ముట్టుకుంటే కాలిపోతోంది. నీళ్లు పెడితే నీళ్లు కూడా దిగలేదు. మర్నాడు పొద్దున్నే అవ్వ పొయ్యి దగ్గర ఉంది, ఇంకా పిండి కూడా కలపలేదు, రొట్టె చప్పుడు లేదు. ఎవరూ పిలవలేదు. అది గడప దాటి లోపలికి వచ్చింది. పిలవకుండా అది లోపలికి రావడం అదొక్కసారే. వచ్చి అవ్వ పాదం మీద తల పెట్టి పడుకుంది. అవ్వ కదలకుండా అట్లాగే కూర్చుంది. పొయ్యిలో మంట ఆరిపోయింది. నేను పోయి ముట్టుకునేసరికి దానిలో ప్రాణం లేదు.

నాయిన పెరట్లో నిమ్మచెట్టు పక్కన ఒక్కడే గుంత తవ్వాడు. పెద్దమ్మ కొడుకులు సాయం పట్టబోతే వద్దన్నాడు. సూది దానితోనే పోయింది.

అవ్వ ఏడవలేదు. నాయినను తిట్టలేదు కూడా. తిడితే బాగుండేది. తెలుగులో ఆమెకు ఎన్ని తిట్లు వచ్చో నాకు తెలుసు, ఒక్కటీ వాడలేదు. వేళకు రొట్టె పెట్టేది, నీళ్లు తోడేది, మాట మాత్రం ఆపేసింది.  నాకు ఆయన మీద కోపం, ఆయన కూర్చున్న తీరు చూస్తే జాలి. ఆ రెండూ ఒక్క మనిషి మీద ఒకేసారి ఉంటే ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

అంగడి నాడు ఒకాయన కుంటుకుంటూ వచ్చి వాకిట్లో కూర్చుని కాలు చాచాడు. మడమలో తుమ్మముల్లు. నాయిన ఆ కాలు వైపు చూసి, "నా చెయ్యి మంచిది గాదు. వేరే ఎవలకన్న చూపెట్టుకో" అన్నాడు. వచ్చినాయన వేళాకోళం అనుకుని నవ్వాడు. నాయిన లేచి లోపలికి పోయాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే మాట. చిమటాను చూరులో దోపేశాడు. బతికున్నన్నాళ్లూ మళ్లీ ఎవరి ముల్లూ తీయలేదు. మా వాకిట్లోకి కుంటుకుంటూ వచ్చేవాళ్లు రావడం మానేశారు. నాయిన మాట్లాడే మనుషులు కూడా వాళ్లే కాబట్టి, ఇంటి బయట కూడా ఆయన మాట ఆగిపోయింది.

నాకు ఆడపిల్ల పుట్టింది. పురిటి పనులన్నీ అవ్వ చేసింది, బిడ్డకు నూనె రాసేటప్పుడు కానడలో ఏదో గొణిగేది, అంతే. బొంత మాత్రం అటక మీదే ఉంది, చిరిగిన మూల అట్లాగే. ఎవరమూ దాని పేరెత్తలేదు. బిడ్డను నాయిన పాత ధోతిలో చుట్టి పడుకోబెట్టేదాన్ని. తొట్టెలలో వేసే రోజు దగ్గరపడింది. సిర్గాపూర్ నుంచి మా అత్తగారు వస్తారు. అవ్వ కుట్టిన బొంత లేకుండా మనవరాలిని తొట్టెలలో వేస్తే నలుగురూ నాలుగు మాటలు అంటారు. అది నాకు తెలుసు, అవ్వకు తెలుసు. అవ్వ అటక వైపు చూసేది కాదు.

తొట్టెల ముందు రోజు పొద్దున నాయిన తనే అటకెక్కి బొంత దించాడు. దులిపి వసారాలో పరిచాడు. పెద్దమ్మ ఇంటి నుంచి సూది అడిగి తెచ్చుకున్నాడు. దారం ఎక్కించడం ఆయనకు రాదు. ముళ్లు పట్టే చేతికి సూది కన్నం దొరకక చాలాసేపు తంటాలు పడ్డాడు. ఎక్కించాక పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అవ్వ మొదటి రొట్టె దించుతోంది.

"గా రొట్టెల నుంచి ముక్క ఇయ్యి" అన్నాడు. "బొంత కడుపు నింపాలె."

గుడ్డపేలికలకు బువ్వ పెడతారని నవ్విన మనిషి అట్లా చెయ్యి చాచి నిలబడ్డాడు. అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. ఆ కుక్క పోయినప్పటి నుంచి ఆమె ఆయనను అట్లా చూడటం అదే మొదలు. రొట్టె తుంచింది. నెయ్యి రాసింది, బెల్లం రాసింది. ఇవ్వబోయి ఆగింది. అదే రొట్టె అంచు నుంచి ఇంకో తుంట తుంచి, నోటితో ఊదింది.  ఆ తుంట ఆయన అరచేతిలో పెట్టింది.

"ముందుగాల దానికి పెట్టి రా" అన్నది. "ఆ దినం దాని తుంట దానికి పెట్టకపోతిని."

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ ఆమె మాట ఆపింది ఆయన మీద కోపంతో కాదు. గిన్నె కింద మూతపెట్టిన ఆ తుంటే ఆమె నోరు కట్టేసింది.

నాయిన రుమాలు లేకుండానే పెరట్లోకి పోయాడు. నేను బిడ్డను ఎత్తుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. నిమ్మచెట్టు పక్కన మట్టి వానలకు కొంచెం కుంగింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని రొట్టె తుంట ఆ మట్టి మీద పెట్టాడు.  ఉన్నన్నాళ్లూ దాన్ని "రా" అని తప్ప పిలవనివాడు, చాలా మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు, "బా" అన్నాడు.

నా వెనక పొయ్యి దగ్గర అవ్వ విన్నది. అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లుగా ఆపుకున్నదంతా, బిడ్డ ఉలిక్కిపడి లేచేంత గట్టిగా ఏడ్చింది. నాయిన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఓదార్చడం ఆయనకు తెలియదు, కూర్చున్నాడు అంతే. చాలాసేపటికి అవ్వ కళ్లు తుడుచుకుని, "నీకు కుట్టరాదు, ఇటియ్యి" అని ఆయన చేతిలోంచి సూది తీసుకుని, బొంత మూలలో రొట్టె ముక్క పెట్టి కుట్టింది. కుట్టంతా అయ్యేదాకా సూదిని చేతిలోంచి వదల్లేదు.